ఈ సిమ్‌లింక్ అసలు ఎక్కడికి పోతోంది? టెర్మినల్‌లో దారి తేల్చుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం మధ్యాహ్నం పర్లాకిమిడిలో మా డీటీపీ షాపు షట్టరు సగం దించేస్తాను. వెనక గదిలో పాత కంప్యూటర్లున్నాయి, వాటిలో ఉబుంటు వేసుకుని నేర్చుకోవడానికి కొందరు పిల్లలు వస్తారు. కాశీనగరం వాళ్లున్నారు, గుణుపురం వాళ్లున్నారు, అటు పాతపట్నం నుంచి సైకిల్ మీద వచ్చేవాడూ ఉన్నాడు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, కంప్యూటర్ ముందు ఇంగ్లీషు. ఇంటికి వెళ్లాక ఫోన్ చేసి అడిగేవాటిలో సగం సిమ్‌లింకుల గోలే. అదే జవాబు పదిసార్లు చెప్పాక, ఇక రాసి పెట్టేద్దామని కూర్చున్నాను.

కమాండ్లను ఫోన్‌లో ఎలా చెబుతానో అలాగే రాశాను. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలు కొట్టాలి. రీడ్‌లింక్, రియల్‌పాత్ లాంటివి మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మాట. పెద్ద అక్షరం కావాల్సిన చోట "పెద్ద పీ" అని విడిగా చెప్పాను. ఫోల్డర్ల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, లైనక్స్‌కు ఏ అభ్యంతరమూ లేదు.

## మొదట్లో వచ్చే సందేహాలు

సిమ్‌లింక్ అంటే విండోస్ షార్ట్‌కట్ లాంటిదేనా?

చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ, కాదు. విండోస్ షార్ట్‌కట్ అనేది చివర ఎల్‌ఎన్‌కే అని ఉండే మామూలు ఫైల్. డెస్క్‌టాప్ మీద డబుల్ క్లిక్ చేస్తే పని చేస్తుంది. కానీ వేరే ప్రోగ్రాముకు ఇస్తే, అది ఆ షార్ట్‌కట్ ఫైల్నే తెరిచి లోపలి చెత్త చదువుతుంది. సిమ్‌లింక్‌ను అర్థం చేసుకునేది ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెలే కాబట్టి, దాన్ని తెరిచిన ఏ ప్రోగ్రామైనా నేరుగా అసలు ఫైల్ దగ్గరికే చేరుతుంది.

సిమ్‌లింక్ లోపల ఉండేది ఒక అడ్రసు మాత్రమే. షాపు వేరే వీధికి మారినప్పుడు పాత తలుపు మీద "బజారు వీధిలోకి మార్చాము" అని కాగితం అంటిస్తాం చూడండి, అదీ సిమ్‌లింక్. కాగితంలో రాసింది నిజమో కాదో ఆ తలుపుకు తెలియదు. 1983లో 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో ఇవి వచ్చాయి. విస్టా నుంచి విండోస్‌లోనూ అసలైన సిమ్‌లింకులున్నాయి, ఎమ్‌కేలింక్ కమాండ్‌తో చేస్తారు.

మరి హార్డ్ లింక్ అంటే? దాని అసలు దారి ఎలా కనుక్కోవాలి?

కనుక్కోవడానికి అక్కడ "అసలు" అంటూ విడిగా ఏమీ ఉండదు. మనం పర్లాకిమిడి అంటాం, ఒడియాలో పారళాఖెముండి అంటారు. రెండూ ఒకే ఊరి పేర్లు, ఏదీ ఇంకోదానికి నకలు కాదు. హార్డ్ లింకులు అలాంటివే, ఒకే డేటాకు రెండు సమానమైన పేర్లు. ఒకటి తీసేసినా రెండోది చెక్కుచెదరదు.

రెండు పేర్లూ ఒకటేనా అని చూడాలంటే ఎల్‌ఎస్ -ఐ కొట్టి ముందు వచ్చే ఐనోడ్ నంబర్లు పోల్చండి. బరంపురం స్టేషన్ పేరు బ్రహ్మపుర్ అయినా రైల్వే కోడ్ ఇప్పటికీ బీఏఎమ్మే కదా. మనం ఏ పేరుతో పిలిచినా టికెట్టు మీద కోడ్ ఒకటే, ఐనోడ్ నంబరూ అంతే. హార్డ్ లింక్ ఒక పార్టిషన్ నుంచి ఇంకో పార్టిషన్‌కు పనిచేయదు, ఫోల్డర్లకూ చేయనివ్వదు. అందుకే రోజువారీ పనిలో సిమ్‌లింకులే ఎక్కువ కనిపిస్తాయి.

ఇది లింకో, అసలు ఫైలో ఎలా పట్టుకోవాలి?

ఎల్‌ఎస్ -ఎల్ కొట్టండి. వరసలో మొట్టమొదటి అక్షరం ఎల్ అయితే అది సిమ్‌లింక్. చివర్లో పేరు, బాణం గుర్తు, రాసి ఉన్న అడ్రసు కనిపిస్తాయి. ఫోల్డర్‌కు వేసిన లింకైతే పేరు చివర స్లాష్ పెట్టకండి. పెడితే లింక్ బదులు దాని అవతలి ఫోల్డర్‌లో ఉన్నవన్నీ చూపిస్తుంది.

లైనక్స్‌లో లింక్ పక్కన అందరికీ అన్ని పర్మిషన్లూ ఉన్నట్టు కనిపించి కొందరు టెన్షన్ పడతారు. అక్కర్లేదు. చదవొచ్చా, రాయొచ్చా అన్నది అసలు ఫైల్ పర్మిషన్‌ను బట్టే తేలుతుంది.

సైజు దగ్గర ఇంకో తమాషా ఉంది. లింక్ సైజు అంటే లోపల రాసిన అడ్రసు ఎన్ని బైట్లన్నదే. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగులో అక్షరానికీ, గుణింతం గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు. "పాట" అనే ఫైల్‌కు లింక్ వేస్తే సైజు 9 చూపిస్తుంది: ప, దీర్ఘం, ట. నమ్మకపోతే వేసి చూడండి.

## దారి తేల్చేటప్పుడు

రీడ్‌లింక్ కొడితే సగం దారే వస్తోంది. మిగతాది ఏది?

వట్టి రీడ్‌లింక్ కాగితం మీద ఏం రాసి ఉందో అదే చదువుతుంది. ఆ అడ్రసుకు వెళ్లి చూడదు. ఇప్పటి ఉబుంటులో రీడ్‌లింక్ /బిన్ అంటే యూఎస్‌ఆర్/బిన్ అని వస్తుంది, ముందు స్లాష్ కూడా ఉండదు. ఎందుకంటే లింక్ వేసినవాళ్లు అంతే రాశారు. రీడ్‌లింక్ -ఎఫ్ /బిన్ అంటే మాత్రం దారంతా నడిచి /యూఎస్‌ఆర్/బిన్ అని పూర్తి అడ్రసు ఇస్తుంది.

ఒక లింక్ ఇంకో లింక్‌కు పోతుంటే ఈ తేడా మరీ తెలుస్తుంది. ఉబుంటులో ఆక్ అనే కమాండ్ /యూఎస్‌ఆర్/బిన్/ఆక్ దగ్గర ఉంటుంది. అది /ఈటీసీ/ఆల్టర్నేటివ్స్/ఆక్‌కు లింక్, అది మళ్లీ మాక్ (ఎమ్‌ఏడబ్ల్యూకే, ఆపిల్ మాక్ కాదు) అనే అసలు ప్రోగ్రాముకు లింక్. ఎన్ని మజిలీలున్నా -ఎఫ్ పెడితే చివరి ఊరే చెబుతుంది. కాబట్టి కొట్టే ముందు మీకేం కావాలో అనుకోండి: రాసిన మాటా, చేరే చోటా? నాకు వచ్చే ఫోన్లలో చాలావాటికి ఈ ఒక్క ప్రశ్న తిరిగి అడిగితే చాలు, అవతలివాళ్లే జవాబు చెప్పేసుకుంటారు.

-ఎఫ్, -ఈ, -ఎమ్ అని మూడున్నాయి. ఏది వాడాలి?

దారిలో ఏదైనా లేకపోతే ఎంతవరకు ఊరుకుంటుందన్నదే తేడా. -ఎఫ్ చివరి పేరు లేకపోయినా ఊరుకుంటుంది, దాని ముందువన్నీ ఉండాలి. -ఈ అయితే చివరిదాకా అన్నీ నిజంగా ఉండాలి, లేకపోతే జవాబివ్వదు. -ఎమ్‌కు ఏదీ ఉండక్కర్లేదు, ఊహించి దారి కట్టేస్తుంది.

అందరూ -ఎఫ్ దగ్గరే పడతారు. లింక్ చూపించే ఫైల్‌ను ఎప్పుడో తుడిచేసి ఉంటారు. అయినా అది ఉండాల్సిన ఫోల్డర్ ఉంటే చాలు, -ఎఫ్ ఆ దారిని చక్కగా అచ్చు వేస్తుంది. "దారి వచ్చింది కదన్నా, ఫైల్ ఉన్నట్టే కదా" అంటారు. కాదు. ఫైల్ ఉందో లేదో కూడా తెలియాలంటే -ఈ వాడండి.

రియల్‌పాత్ వాడాలా, రీడ్‌లింక్ -ఎఫ్ వాడాలా?

కొత్తగా నేర్చుకుంటుంటే రియల్‌పాత్. దారి తేల్చడానికి దాన్నే వాడమని రీడ్‌లింక్ మాన్యువల్ పేజీయే చెబుతోంది. రియల్‌పాత్ 2012లో గ్నూ కోర్‌యుటిల్స్ (లైనక్స్ మామూలు కమాండ్ల మూట) 8.15తో వచ్చింది. అంతకుముందు రాసిన స్క్రిప్టుల్లో రీడ్‌లింక్ -ఎఫ్ ఉంటుంది కాబట్టి రెండూ గుర్తుపట్టగలగాలి. యూనిక్స్ తరహా సిస్టమ్‌లన్నిటికీ ఉమ్మడి నియమాలైన పోసిక్స్ ప్రమాణంలోకి ఈ రెండు కమాండ్లూ చేరింది 2024లోనే.

రియల్‌పాత్‌లో నాకు నచ్చేవి రెండున్నాయి. -ఎస్ పెడితే లింకులను ముట్టుకోకుండా చుక్కలూ రెండు చుక్కలూ మాత్రం సర్ది పూర్తి దారి ఇస్తుంది. --రిలేటివ్-టూ పెడితే ఫలానా ఫోల్డర్ నుంచి చూస్తే ఈ ఫైల్‌కు ఎలా వెళ్లాలో చెబుతుంది.

పొడవైన దారిలో ఏ ఫోల్డర్ లింకో ఒక్కొక్కటిగా చూడాలంటే?

నేమ్‌ఐ. నేమ్ రాసి చివర ఐ కలిపి కొట్టండి, వెనక దారి ఇవ్వండి. దారిలోని ప్రతి మెట్టునూ ఒక్కో వరసలో పేరుస్తుంది. ఫోల్డర్ పక్కన డీ, లింక్ పక్కన ఎల్, మామూలు ఫైల్ పక్కన గీత ఉంటాయి. లింక్ తగిలినప్పుడు అది ఎటు తిప్పుతుందో కింద కొంచెం లోపలికి జరిపి చూపిస్తుంది. -ఎల్ పెడితే ప్రతి మెట్టుకూ యజమాని, పర్మిషన్లు కూడా వస్తాయి. ఇంత పనికొచ్చే కమాండ్ గురించి ఎవరూ చెప్పరెందుకో. లైనక్స్‌లో దాదాపు అన్నిచోట్లా ముందే ఉంటుంది.

పీడబ్ల్యూడీ ఒకటి చెబుతోంది, రియల్‌పాత్ ఇంకోటి చెబుతోంది. ఎవరిని నమ్మాలి?

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మా షాపు సిస్టమ్‌లో హోమ్ ఫోల్డర్‌లో శుభలేఖలు అనే లింక్ ఉంది. అది /డేటా/2023/శుభలేఖలు అనే ఫోల్డర్‌కు పోతుంది. సీడీ శుభలేఖలు కొట్టి లోపలికి వెళ్లి పీడబ్ల్యూడీ అంటే, షెల్ (మనం కొట్టే కమాండ్లను అందుకునే ప్రోగ్రాము) నేను వచ్చిన దారినే గుర్తుపెట్టుకుని హోమ్‌లోని శుభలేఖలు అంటుంది. పీడబ్ల్యూడీ -పెద్ద పీ అంటే నిలబడ్డ అసలు చోటు /డేటా/2023/శుభలేఖలు అని చెబుతుంది. రియల్‌పాత్‌కు ఒక చుక్క ఇచ్చినా అదే జవాబు.

అసలు తిరకాసు రెండు చుక్కల దగ్గరుంది. అక్కడే ఉండి సీడీ .. కొడితే షెల్ వచ్చిన దారిన వెనక్కి నడిపించి హోమ్‌లో దించుతుంది. అదే చోట ఎల్‌ఎస్ .. కొడితే మాత్రం /డేటా/2023 లోవి కనిపిస్తాయి. ఎల్‌ఎస్‌కు షెల్ జ్ఞాపకంతో సంబంధం లేదు, అది కెర్నెల్‌ను అడుగుతుంది. ఒకే రెండు చుక్కలు, రెండు వేరు చోట్లు. "సీపీ ఫైల్ .." కొట్టి ఫైల్ కనపడక వెతికేవాళ్లందరి కథా ఇదే. ఈ గందరగోళం వద్దనుకుంటే మొదట వెళ్లేటప్పుడే సీడీ -పెద్ద పీ శుభలేఖలు అనండి.

నా దగ్గర కంప్యూటర్ లేదు, ఫోన్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ ఉంది. అందులో నేర్చుకోవచ్చా?

హాయిగా. ఆండ్రాయిడ్ నిండా లింకులే. రియల్‌పాత్ /ఎస్‌డీకార్డ్ కొట్టి చూడండి, సాధారణంగా /స్టోరేజ్/ఎమ్యులేటెడ్/0 అని వస్తుంది. పేరులో కార్డున్నా అది ఫోన్ లోపలి మెమరీయే. టెర్మక్స్-సెటప్-స్టోరేజ్ కొట్టి అనుమతి ఇస్తే, హోమ్‌లో స్టోరేజ్ అనే ఫోల్డర్ పుడుతుంది. అందులో డౌన్‌లోడ్స్, డీసీఐఎమ్ అన్నీ సిమ్‌లింకులే. చదివి చూడ్డానికి మంచివి. తుడిచే ప్రయోగాలు మాత్రం అక్కడ వద్దు, ఫొటోలు నిజమైనవి.

## లింక్ వేసేటప్పుడు

లింక్ వేశాను, ఎర్రగా కనిపిస్తోంది. తెరిస్తే ఫైల్ లేదంటోంది. ఫైల్ అక్కడే ఉంది కదా?

ఫైల్ ఉంది, మీరు రాసిన అడ్రసే తప్పు. హోమ్‌లో ఉండి ఎల్‌ఎన్ -ఎస్ ఫొటోలు/రథయాత్ర డెస్క్‌టాప్/రథయాత్ర అని కొట్టి ఉంటారు. లింక్ పుట్టింది డెస్క్‌టాప్‌లో. దానిలో రాసింది ఫొటోలు/రథయాత్ర అని. ఇప్పుడు కెర్నెల్ ఆ లింక్ ఉన్న చోటు నుంచి వెతుకుతుంది, అంటే డెస్క్‌టాప్ లోపల ఫొటోలు అనే ఫోల్డర్ కోసం. అక్కడ అలాంటిదేమీ లేదు. మీరు ఎక్కడ నిలబడి కమాండ్ కొట్టారో దానికి అనవసరం.

"రెండో సందు, కుడిచేతి వైపు" అనే గుర్తు మన రాజవీధిలో నిలబడ్డవాడికి చెబితే సరిపోతుంది. అదే మాట నౌపడా స్టేషన్లో దిగినవాడికి చెబితే ఎక్కడికి పోతాడు? అందుకే మొదటి స్లాష్ నుంచి పూర్తి దారి ఇవ్వండి. లేదా ఎల్‌ఎన్ -ఎస్ఆర్ వాడండి, అది లింక్ ఉండబోయే చోటు నుంచి లెక్కగట్టి సరైన దారి రాస్తుంది. -ఆర్ గ్నూ ఎల్‌ఎన్‌లో ఉంటుంది.

పాత లింక్‌ను కొత్త ఫోల్డర్‌కు తిప్పబోతే, పాత ఫోల్డర్‌లోపల ఇంకో లింక్ పుట్టింది!

ఎల్‌ఎన్ -ఎస్ఎఫ్ కొట్టి ఉంటారు. ఆ పేరు ఫోల్డర్‌కు పోయే లింక్ కాబట్టి ఎల్‌ఎన్ దాని లోపలికి దిగి, అక్కడ కొత్తది వేసింది. ఎల్‌ఎన్ -ఎస్ఎఫ్ఎన్ అనండి. చివరి ఎన్ వల్ల అది లోపలికి దిగదు, ఆ లింక్‌నే మారుస్తుంది. ఇప్పుడు పాత ఫోల్డర్‌లోకి వెళ్లి ఆ పిల్ల లింక్‌ను తీసేయడం మరిచిపోకండి.

## స్క్రిప్టుల్లో

స్క్రిప్ట్ తన పక్కనున్న ఫైల్‌ను చదవాలి. లింక్ ద్వారా నడిపితే ఫైల్ దొరకడం లేదు.

స్క్రిప్ట్‌లో $0 అంటే ఏ పేరుతో నడిపారో అది, అసలు స్క్రిప్ట్ ఉన్న చోటు కాదు. లింక్ హోమ్‌లోని బిన్‌లో ఉంటే అది బిన్‌నే చూస్తుంది. స్క్రిప్ట్ మొదట్లో ముందు దారి తేల్చి, తర్వాత ఫోల్డర్ పేరు విడదీయండి: డర్‌నేమ్ "$(రీడ్‌లింక్ -ఎఫ్ "$0")". ఈ వరస తిరగేస్తే, అంటే డర్‌నేమ్ ముందు చేస్తే, మళ్లీ బిన్‌కే చేరతారు.

ఆ కొటేషన్ గుర్తులు అలంకారం కాదు. "పెళ్లి ఫొటోలు" లాంటి ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే, గుర్తులు లేకపోతే షెల్ దాన్ని రెండు పేర్లు అనుకుంటుంది.

మాక్‌లో రీడ్‌లింక్ -ఎఫ్ పనిచేయడం లేదేం?

పాత మాక్ అయి ఉంటుంది. అందులోని రీడ్‌లింక్ బీఎస్‌డీ వంశానిది, -ఎఫ్ మాక్‌ఓఎస్ 12.3 నుంచే ఉంది. పాతదాంట్లో పైథాన్3 ఉంటే, దాని ఓఎస్.పాత్.రియల్‌పాత్ అదే పని చేసి పెడుతుంది.

## కాపీ చేసేటప్పుడు, తుడిచేటప్పుడు

లింక్‌ను తీసేస్తే అసలు ఫోల్డర్ కూడా పోతుందా?

లింక్ పేరు ఒక్కటే ఇచ్చి ఆర్‌ఎమ్ శుభలేఖలు అంటే లింకే పోతుంది, అసలుకు ఏమీ కాదు. అసలు పోయేది పేరు వెనక స్లాష్, నక్షత్రం గుర్తు చేరినప్పుడు. ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు అచ్చు వేసే శుభలేఖల డిజైన్లు రెండేళ్లవి ఒకసారి నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను. లింక్ ఖాళీ చేద్దామని ఆర్‌ఎమ్ -ఆర్ఎఫ్ శుభలేఖలు/* కొట్టాను. షెల్ ఆ నక్షత్రాన్ని లింక్ అవతలికి వెళ్లి విప్పింది. అవతలున్నవన్నీ అసలు ఫైళ్లే. పెళ్లిళ్ల సీజను, చేతిలో ఆరు ఆర్డర్లు, మూడు రాత్రులు కూర్చుని మళ్లీ కట్టాను.

అప్పట్నుంచి లింకులు తీయడానికి అన్‌లింక్ అనే కమాండే వాడుతున్నాను. అది ఒక్క పేరునే తీస్తుంది, అసలైన ఫోల్డర్ ఇస్తే ఒప్పుకోదు.

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తుంటే "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అంటోంది. సూడో (అడ్మిన్ అధికారంతో నడపడం) పెట్టినా అంతే.

పర్మిషన్ సమస్య కాదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ అయి ఉంటుంది, వాటిలో సిమ్‌లింక్ అనేదే ఉండదు. సీపీ -ఆర్ ఫోల్డర్ లోపలి లింకులను లింకులుగానే దించబోయి, ఆ లింకుల దగ్గర విఫలమవుతుంది. సీపీ -ఆర్ -పెద్ద ఎల్ అంటే లింకుల బదులు వాటి అవతలి అసలు ఫైళ్లనే కాపీ చేస్తుంది. ముందు చోటు చూసుకోండి, ఒకే వీడియోకు నాలుగు లింకులుంటే నాలుగు వీడియోలు అవుతాయి.

బ్యాకప్ తీస్తే లింకులు మాత్రమే వచ్చాయి, ఫైళ్లు రాలేదు.

టార్ మామూలుగా లింక్‌ను లింక్‌గానే దాస్తుంది. అసలు ఫైళ్లు కావాలంటే -హెచ్ పెట్టాలి. జిప్‌ది దీనికి తలకిందులు: మామూలుగా అసలు ఫైళ్లనే తీసుకుంటుంది, లింకులే కావాలంటే -వై. అదే సిస్టమ్‌లో తిరిగి పెట్టుకునే బ్యాకప్‌కు లింకులు లింకులుగా ఉండటమే మంచిది, సీపీ -ఏ ఆ పని చేస్తుంది.

## మొరాయించినప్పుడు

"టూ మెనీ లెవెల్స్ ఆఫ్ సింబాలిక్ లింక్స్" అంటే నేను చాలా లింకులు వేసేశాననా?

దాదాపు ఎప్పుడూ అది చక్రంలో ఇరుక్కోవడమే. ఒకటి రెండోదానికి, రెండోది మొదటిదానికి పోతుంటాయి. ఆఫీసులో ఆ కౌంటర్ ఈ కౌంటర్‌కూ, ఈ కౌంటర్ ఆ కౌంటర్‌కూ పంపినట్టు. లైనక్స్ కెర్నెల్ ఒక దారిలో 40 లింకుల వరకే ఓపిక పడుతుంది, ఆపైన ఈ మాట చెప్పి ఆగిపోతుంది. వట్టి రీడ్‌లింక్ మాత్రం రాసినది చదివి ఊరుకుంటుంది కాబట్టి చక్రంలోనూ పనిచేస్తుంది. దానితో ఒక్కో లింక్‌నూ చదువుతూ పోతే మొదటి పేరు మళ్లీ తగులుతుంది. అక్కడ తెంచండి.

రీడ్‌లింక్ -ఎఫ్ కొడితే ఏమీ రాకుండా ప్రాంప్ట్ తిరిగి వచ్చింది. ఇదేం జవాబు?

అది విఫలమైంది, నోరు విప్పలేదంతే. ఏం తప్పు జరిగిందో రీడ్‌లింక్ మామూలుగా చెప్పదు. -వీ కలిపితే కారణం చెబుతుంది. వెంటనే ఎకో $? కొడితే 1 వస్తుంది. మధ్యలో ఒక ఫోల్డర్ లేకపోవడం ఒక కారణం. ఇంకోటి, వేరే యూజర్ ఫోల్డర్ మీదుగా దారి పోవడం. దారిలోని ప్రతి ఫోల్డర్‌లోనూ లోపలికి దాటే పర్మిషన్ మీకు ఉండాలి, చివరి ఫైల్ అందరికీ తెరిచి ఉన్నా సరే.

పనికిరాని లింకులన్నీ ఒకేసారి ఏరేయాలంటే?

ఫైండ్ . -ఎక్స్‌టైప్ ఎల్ అంటే అవతల ఏమీ లేని లింకుల జాబితా వస్తుంది. మాక్‌లో ఫైండ్ -పెద్ద ఎల్ . -టైప్ ఎల్. లైనక్స్ కమాండ్ వెనక -డిలీట్ తగిలిస్తే తీసేస్తుంది కూడా, కానీ జాబితా కళ్లతో చూడకుండా తగిలించకండి. బయటి హార్డ్ డిస్క్ పీకేసి ఉంటే దానికి పోయే లింకులన్నీ ఆ కాసేపు చచ్చినట్టే కనిపిస్తాయి. మా దగ్గరికి వచ్చే ఒక పిల్ల అలాగే నలభై దాకా లింకులు ఏరేసి, సాయంత్రం డిస్క్ తగిలించాక మళ్లీ ఒక్కొక్కటిగా వేసుకుంది. ముందు డిస్కులన్నీ తగిలించి, ఆ తర్వాత ఫైండ్ కొట్టండి.